ఇంట్లో ఆటలమ్మ, అమ్మకు నెలలు నిండుతుంటే?



బడి నుంచి వచ్చిన బాబుకు ఆటలమ్మ పోసింది. మీకు తొమ్మిదో నెల. చిన్నప్పుడే మీకు వచ్చిపోయి ఉంటే దాదాపు భయం లేనట్టే. మీ యాంటీబాడీలు మాయ దాటి, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, కడుపులోని బిడ్డకు చేరతాయి.

రానివారికే చిక్కు. కాన్పుకు 5 రోజుల ముందు నుంచి 2 రోజుల తర్వాత వరకు తల్లికి పొక్కులు లేస్తే, వైరస్ బిడ్డను చేరుతుంది గానీ యాంటీబాడీలు తయారై చేరే వ్యవధి ఉండదు. అలాంటి పసికందుకు డాక్టర్లు యాంటీబాడీల ఇంజెక్షన్ వెంటనే ఇస్తారు.

మీకు వచ్చిందో లేదో గుర్తులేదా? రక్తపరీక్ష చెబుతుంది. ఈ టీకా గర్భిణులకు వేయరు, కాబట్టి ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. పొక్కులకు ఒకటి రెండు రోజుల ముందే ఇది అంటుకుంటుంది. గుమ్మానికి వేపమండలు కట్టేసరికే ఆలస్యం!

పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా బాబును బడికి పంపకండి. పక్క బెంచీ పిల్లవాడి అమ్మకూ నెలలు నిండుతుండొచ్చు.