మాంసం తినాల్సిందేనా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! డిగ్రీలో ఒక మిత్రుడు “మాంసం తింటే బుద్ధి మందగిస్తుంది” అన్నప్పుడు నేను తలదించుకున్నాను. ఆదివారం కోడికూర కోసం మన హాస్టల్లో క్యూ కట్టిన సంగతి దాచుకున్నాను. ఆ మాటకు ఆధారం లేదని పీజీకి వచ్చి చదివాకే తెలిసింది.

మాంసం తప్పనిసరి కాదన్నది నిజమే. అన్నం, పప్పు, పాలు సరిపడా ఉంటే మాంసకృత్తులకు లోటుండదు. కానీ మన ఇళ్లలో పాలు టీకే చాలవు! బి12 విటమిన్ సహజంగా దొరికేది పాలు, గుడ్లు, చేపలు, మాంసంలోనే. ఆకుకూరల్లోని ఇనుము కంటే కార్జంలోది బాగా ఒంటబడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అందుకే, చెల్లెళ్లూ, మెస్‌లో పెట్టిన గుడ్డు పక్కన పెట్టకండి. మాంసం తిననివారు పప్పులో నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే మాత్రం అది అడ్డుపడుతుంది.