కారుకు మెరుపా? అరుగుదలా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా చాలా అపార్ట్‌మెంట్లలో తెల్లవారేసరికి కనిపించే దృశ్యమే ఇది. వాచ్‌మన్ చేతిలో ఓ పాతగుడ్డ, ఆ ఒక్క గుడ్డతోనే వరసగా అన్ని కార్లూ తుడిచెయ్యడం! మెట్రో రైలు 2018లో ఎల్.బి.నగర్ దాకా వచ్చినా, ఇంటిల్లిపాదీ పెళ్ళికి కదలాలంటే కారు కావలసిందే కదా. ఆ కారును ఓసారి ఎండలో నిలబెట్టి చూడండి. బానెట్ మీద సాలెగూడులా సన్నని గీతలు గుండ్రంగా కనిపిస్తున్నాయా?

పీచుతో తోమిన స్టీలు పళ్ళెం లైటు కింద పెడితే కనిపించేవీ ఇలాంటివే. నిజానికి గీతలు అన్నివైపులా ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే తళుక్కుమంటాయి కాబట్టి గుండ్రంగా అనిపిస్తాయి. పొడిగుడ్డ కింద నలిగిన దుమ్ము, ఇసుక రేణువులే చాలావరకు వీటికి కారణం.

మిషన్ పాలిష్‌తో ఏమవుతుంది?

కారు రంగుపైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం సాధారణంగా 40–50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కన్నా పల్చన! ఈ సన్నగీతలుండేది అందులోనే. స్పాంజి ప్యాడ్‌కు పాలిష్ రాసి మిషన్ తిప్పితే గీతలు పూడవు. వాటి చుట్టూ ఉన్న పొర అరిగి చదునవుతుంది. కత్తిపీటకు సాన పట్టించినట్టే! పదును వస్తుంది, ఇనుము తరుగుతుంది. అందుకే దసరా వాహనపూజ వచ్చినప్పుడల్లా పాలిష్ చేయించడం మంచిది కాదు. ఆ పొర పూర్తిగా పోతే మళ్ళీ రంగు వేయించడం ఒక్కటే దారి. ఆ ఖర్చు ఎంతో మీకు తెలుసు!

షాపులో ఇవి అడగండి

* ఏ మిషన్? రోటరీ ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతుంది. చెయ్యి తిరగనివాళ్ళు వాడితే వేడెక్కి, అంచుల దగ్గర రంగు పోవచ్చు. అటూఇటూ కదులుతూ తిరిగే డ్యూయల్ యాక్షన్ మిషన్ అంతకన్నా క్షేమం.
* పొర మందం కొలిచే మీటరు ఉందా? ముందు చిన్నచోట చేసి చూపిస్తారా?
* గీత గోటికి తగులుతోందా? అయితే అది లోతైనది. పూర్తిగా పోవాలని పట్టుబట్టకండి.
* ఒట్టి వ్యాక్సేనా? అది గీతల్ని కప్పుతుందంతే. కొన్నాళ్ళు కడిగేసరికి మళ్ళీ బయటపడతాయి.

ఇంట్లో చెయ్యవలసినవి

* పొడిగుడ్డ వద్దు. ముందు నీళ్ళు పోసి దుమ్ము జార్చండి.
* బకెట్లు రెండు పెట్టుకోండి. ఒకదానిలో కారు షాంపూ, రెండోదానిలో గుడ్డ జాడించడానికి మంచినీళ్ళు.
* పైనుంచి కిందికి కడగండి. చక్రాలకు వేరే గుడ్డ వాడండి.
* కిందపడిన గుడ్డను ఉతక్కుండా మళ్ళీ తాకించకండి.
* బోరునీళ్ళు ఎండితే తెల్లమరకలు పడతాయి. నీడలో కడిగి, వెంటనే మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి.

వాచ్‌మన్‌కు రెండు శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలిచ్చి, ఎలా తుడవాలో ఒక్కసారి దగ్గరుండి చూపించండి. గుడ్డ మార్చకుండా పాలిష్ చేయిస్తే, మర్నాడు పొద్దున్నే కొత్త గీతలు మొదలు!