పట్టా సరే, పాఠం వచ్చిందా?

గద్వాల: పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. అంతకు ముందు ఈ ప్రాంతపు కళాశాలలు ఉస్మానియా కింద ఉండేవి. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో పి.జి. సెంటర్లు కూడా వచ్చాయి. దూరం తగ్గింది. చదువు దగ్గరయిందా అన్నది వేరే ప్రశ్న.

కళాశాలల స్థాయి తేల్చే నాక్ సంస్థ తనిఖీలో రెండు కాగితాలు చూస్తూ వచ్చింది. ఒకటి, రాబోయే ఏళ్లకు వేసుకున్న ప్రణాళిక. రెండోది, ప్రతి సబ్జెక్టు ముగిసేసరికి విద్యార్థికి ఏమేమి వచ్చి తీరాలన్న జాబితా. ఈ రెండోది సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది, ఫైలులో భద్రంగా ఉంటుంది.

గద్వాల పత్తి విత్తనాల చేలనే తీసుకుందాం. సాయంత్రం మొగ్గ చీల్చి మగ భాగం తీసేస్తారు. మర్నాడు ఉదయం మగ వరుస పువ్వు తెచ్చి పుప్పొడి అద్దుతారు. క్రాసింగ్ పని ఇక్కడి రైతు బిడ్డలకు కొత్త కాదు. అదే బిడ్డ డిగ్రీలో వృక్షశాస్త్రం తీసుకుని దీన్నే నోట్సులో బట్టీ పడతాడు! మొగ్గను ముందురోజే ఎందుకు చీల్చాలి? పత్తి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి, విచ్చుకుంటే తన పుప్పొడి తనకే అంటుతుంది గనుక. ఈ సంగతి చేలో నిలబడి నాయనకు చెప్పగలిగితే పాఠం వచ్చినట్టు. లేకుంటే మార్కులెన్ని వచ్చినా రానట్టే.

ఆ జాబితాను తెలుగులో రాసి నోటీసు బోర్డుకు అంటించడానికి నిధులేమీ అక్కరలేదు. నాగర్‌కర్నూల్‌లోనైనా, వనపర్తిలోనైనా బిడ్డను చేర్చే తండ్రి ఫీజు ఎంత, బస్సు పాసు ఎంత అని అడుగుతాడు. మూడేళ్లకు మా వాడికి ఏమి వస్తుందని కూడా అడగవచ్చు. జవాబు ఉండవలసిన కాగితం ఆ ఫైలులోనే ఉంది.