వికలాంగ బాలల చదువు: పట్టికయా, ఫలితమా?

ఒక్క బిడ్డకొఱకు నొక విద్యాలయమును నెలకొల్పుట యుక్తమా యని యడుగువారికి విజయనగరము నూఱేండ్లకు పూర్వమే సమాధానము చెప్పియున్నది. ఆస్థానమున కాప్తుడైన యొక పెద్దమనుష్యుని కుమారునకు చూపు లేదనియు, ఆ బాలునకు సంగీతము నేర్పింప నెంచియే శ్రీ పూసపాటి విజయరామ గజపతిరాజుగారు 1919వ సంవత్సరమున గానపాఠశాలను స్థాపించిరనియు నా పట్టణమున నేటికిని చెప్పుకొందురు. దానికి తొలి ప్రధానాచార్యులు ఆదిభట్ల నారాయణదాసుగారు. 1936లో ఆ స్థానము ద్వారం వేంకటస్వామినాయుడుగారికి వచ్చినది. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు, పి. సుశీలగారు అచ్చటనే సంగీతవిద్య నభ్యసించిరి. చూపులేని యొక్క బాలునికై తెఱచిన తలుపుగుండ చూపుగలవా రెందఱో లోనికి నడచి, తెలుగుదేశమునకు కీర్తి తెచ్చిరి. కడపటివానికై చేసిన యేర్పాటు తుదకు అందఱికిని మేలు చేయుననుటకు ఇంతకంటె దగ్గఱి నిదర్శనము మనకు వేఱొకటి యక్కఱలేదు.

ఆ విజయనగరము జిల్లాలోను, పొరుగుననున్న శ్రీకాకుళము జిల్లాలోను, ఈ రెండింటి కొండప్రాంతములను చేర్చి 2022 ఏప్రిల్ 4వ తేదీన నేర్పఱచిన పార్వతీపురము మన్యము జిల్లాలోను, చూపు, వినికిడి, మాట, నడక, బుద్ధివికాసము, వీనిలో నేదో యొక కొఱత గల బాలలకు జరుగుచున్న విద్యాబోధన యెట్లున్నది? దాని మంచిచెడ్డలను కొలుచుటకు మనయొద్ద నున్న కొలబద్ద యేది? ఈ ప్రశ్నలను విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము. 2011 జనాభా లెక్కల ప్రకారము అక్షరాస్యత నాటి యుమ్మడి రాష్ట్రమున నూటికి 67.02 కాగా, శ్రీకాకుళము జిల్లాలో 61.74, విజయనగరము జిల్లాలో 58.89 మాత్రమే. అవయవపుష్టి గల బిడ్డలకే చదువు చాలినంత యందని సీమలో, అవయవలోపము గల బిడ్డ యెంత వెనుకబడునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

చట్టము లేదని చెప్పుటకు వీలులేదు. 1995లో పార్లమెంటు చేసిన చట్టము ఏడు విధములైన వైకల్యములను గుర్తించినది. దాని స్థానమున వచ్చి, 2017 ఏప్రిల్ 19వ తేదీనుండి యమలు జరుగుచున్న 2016వ సంవత్సరపు చట్టము ఆ సంఖ్యను 21కి పెంచినది. నూటికి 40 పాళ్లకు తక్కువ కాని వైకల్యము గల ప్రతి బిడ్డకును 6 మొదలు 18 ఏండ్ల ప్రాయమువఱకు, తన చేరువనున్న బడిలోగాని, తాను కోరిన ప్రత్యేక పాఠశాలలోగాని, ఉచితముగ చదువుకొను హక్కును ఆ చట్టమే ప్రసాదించినది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టమునకు 2012లో చేసిన సవరణ, వైకల్యము మిక్కుటముగ నున్న బిడ్డ యింటివద్దనే చదువుకొనుటకు వెసులుబాటు కల్పించినది. అన్నింటికంటె ముఖ్యమైనది 2016 చట్టములోని 17వ విభాగము. ప్రతి యైదేండ్లకొకమాఱు బడిపిల్లలను పరిశీలించి, వికలాంగులెవరో గుర్తించి, వారి యవసరము లెట్టివో, ఆ యవసరములు ఎంతవఱకు తీరుచున్నవో కనుగొనవలెనని అది యాజ్ఞాపించుచున్నది. పాఠకు లీ కడపటి మాటను గమనింతురుగాక. ఎందఱున్నారని మాత్రమే చట్ట మడుగుటలేదు. వారికేమి యొరిగినదని యడుగుచున్నది.

ఇక యంత్రాంగము. సమగ్రశిక్షా పథకము క్రింద మండలములలో భవిత కేంద్రములు వెలసినవి. అందు ప్రత్యేకశిక్షణ పొందిన విలీనవిద్యా బోధకులు పనిచేయుచున్నారు. కీళ్లు, కండరములు బిగిసిన బిడ్డలకు వ్యాయామచికిత్స జరుగుచున్నది. బడికి వచ్చిపోవుటకును, వెంట వచ్చు తోడుకును భత్యము కలదు. ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల వేతనము కలదు. చక్రముల కుర్చీలు, వినికిడి యంత్రములు శిబిరములలో పంచిపెట్టబడుచున్నవి. ఒప్పందపు జీతముపై, ఊరూరు తిరిగి యీ పని చేయుచున్నవారి శ్రమను తక్కువ చేయుట న్యాయము కాదు. లోపము మనుష్యులలో కంటె కొలతలో నున్నది.

మన కార్యాలయములు వేనిని లెక్కించుచున్నవి? బడిలో చేర్చిన పేర్లను లెక్కించును. జరిగిన శిబిరములను, పంచిన పరికరములను, కట్టిన ర్యాంపులను లెక్కించును. ఇవి లెక్కించుటకు సులభములు, చూపుటకు చక్కనివి. కాని బ్యాటరీ తీరిన వినికిడి యంత్రము ఇంటి గూటిలో పడియున్నను, పట్టికలో నది పనిచేయుచునే యుండును. ర్యాంపు తరగతి గుమ్మమువఱకు నుండి, మరుగుదొడ్డికి మెట్లే యున్నచో, ఆ యాడపిల్ల మధ్యాహ్నమునకే యింటికి పోవలసివచ్చును. పట్టికలో మాత్రము 'ర్యాంపు కలదు' అనియే యుండును. హాజరుపట్టీలో పేరుండి, వెనుక బల్లపై నూరక కూర్చుండి, అయిదేండ్లు గడపి, అక్షరము రాక బయటికి వచ్చిన బిడ్డను చదువుకొన్న బిడ్డయని లెక్కించుట ఆత్మవంచన.

ఉపాధ్యాయుల సంగతి చూతము. ప్రత్యేక బోధకుల నియామకమునుగూర్చి రజనీశ్ కుమార్ పాండే యను నతడు తెచ్చిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2021 అక్టోబరు 28వ తేదీన తీర్పు చెప్పినది. ప్రాథమిక తరగతులలో పదిమంది వికలాంగ బాలల కొకరు, పై తరగతులలో పదునైదుగురి కొకరు చొప్పున ప్రత్యేక బోధకు లుండవలెనని దాని సారాంశము. రాష్ట్రములు ఆలసించుట చూచి, ఉద్యోగములను ప్రకటించి నింపవలసినదని 2025 మార్చి 7వ తేదీన మరల నాదేశించినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ సంవత్సరముననే 2,260 ప్రత్యేకోపాధ్యాయ పదవులను సృజించినది. ఇది శ్లాఘనీయము. కాని పదవిని సృజించుట యొకటి, మనిషిని బడికి పంపుట వేఱొకటి.

ఒక మండలములో ప్రాథమిక తరగతుల యీడు వికలాంగ బాలలు నూఱుగు రున్నారనియు, బోధకు లిద్దఱే యనియు ననుకొందము. ఒక్కొక్కరికి ఏబదిమంది పాలు పడుదురు. నెలకు 24 పనిదినములలో సగము కేంద్రమున గడచినచో, గ్రామములకు 12 దినములు మిగులును. దినమున కిద్దఱి చొప్పున చూచినను, నెలకొకమాఱు దర్శనము 24 మందికే. మిగిలిన 26 మందికి ఆ నెలలో నదియును లేదు. సుప్రీముకోర్టు చెప్పిన లెక్కకు ఆ మండలమున పదుగురు బోధకు లుండవలెను. ఎంతటి శ్రద్ధాళువైనను ఇద్దఱు పదుగురి పనిని చేయజాలరు. కావున ఏ మండలమునకు ఎందఱు కావలెనో, ఎందఱున్నారో ప్రకటించుట పరీక్షలో మొదటి మెట్టు.

రెండవ మెట్టు ప్రతి బిడ్డకును ప్రత్యేకముగ వ్రాసిన విద్యాప్రణాళిక. అమెరికా సంయుక్తరాష్ట్రములు 1975లో చేసిన చట్టము ఇట్టి ప్రణాళికను తల్లిదండ్రులతో కూర్చుండి వ్రాయవలెననియు, ఏటేట తిరిగి చూడవలెననియు విధించినది. మన భవిత కేంద్రములలోను ఇట్టి పత్రము లున్నవి. అయితే 'భాషాభివృద్ధి సాధింపవలెను' అని వ్రాసినందువలన ఫలమేమి? 'సంక్రాంతినాటికి తన పేరులోని యక్షరములను బ్రెయిలు లిపిలో తడిమి గుర్తింపవలెను', 'ఉగాదినాటికి సంతలో పది రూపాయలకు చిల్లర సరిచూచుకొనవలెను', 'వేసవిసెలవులలోపల తనంత తాను అన్నము కలుపుకొని తినవలెను' అని వ్రాసినచో, నెఱవేరినదో లేదో తల్లియే చెప్పగలదు. చదువురాని తల్లియైనను పరీక్షకురాలు కాగల ప్రణాళికయే మంచి ప్రణాళిక.

మూడవది, పరీక్షించు భాష. ఈ విషయమున మనకు గురువు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించిన ఆ మహనీయుడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి, కొండలెక్కి సవరల భాష నేర్చి, వారి బిడ్డలకు వారి మాటలోనే పుస్తకములు వ్రాసి బడులు పెట్టించిరి. ఆ మన్యములో పట్టిన చలిజ్వరమునకు పుచ్చుకొన్న క్వయినావలన వారికి చెవుడు వచ్చి జీవితాంతము బాధించినది. అయినను 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర నిఘంటువును వెలువరించిరి. వినికిడి పోయిన యొక పండితుడు, లోకము వినిపించుకొనని యొక జాతి మాటను పుస్తకమున కెక్కించెను. సీతంపేట, కురుపాము, గుమ్మలక్ష్మీపురము ప్రాంతముల నొక సవరబిడ్డను తెలుగున ప్రశ్నించి, జవాబు రాలేదని మందబుద్ధియని వ్రాయుట ఆ మహనీయుని సీమలో జరుగదగిన పని కాదు. లోపము లేని బిడ్డకు లోపము నంటగట్టుటయు, నిజముగ వినబడని బిడ్డను 'కొండవాడు గనుక తెలుగు రాదు' అని విడిచివేయుటయు రెండును సమానమైన యపచారములే. ఇంటి భాష యెఱిగినవా రొకరు ప్రక్కన లేనిదే యే గిరిజనబాలుని బుద్ధినిగూర్చియు తీర్పు వ్రాయరాదు.

నాలుగవది వలస. శ్రీకాకుళము తీరపు మత్స్యకారులు గుజరాతు రాష్ట్రపు వేరావలు రేవువఱకు పోయి పడవలలో పనిచేయుచున్నారు. మెట్టపల్లెల కూలీలు విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు కుటుంబములతో తరలుచున్నారు. వెంట పోయిన వికలాంగబిడ్డ పేరు ఇచ్చట కొట్టివేయబడును, అచ్చట నెక్కదు. ఆ బిడ్డ విద్యాప్రణాళిక ప్రతి యొకటి తల్లి చేతనుండినచో, చేరినచోటి బోధకుడు మొదటినుండి మొదలుపెట్ట నక్కఱలేదు. దీనికి ఖర్చు ఒక కాగితము మాత్రమే.

ఆ బిడ్డ చదివి యేమి చేయునని కొందఱు పెద్దలు అనుచుందురు. పింఛను వచ్చుచున్నది గదా యని మఱికొంద ఱందురు. 2024 జూలై మొదలు వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు పెరిగిన మాట నిజమే. అది పేదయింటికి పెద్ద యూరట. కాని పింఛను పొట్ట నింపును. చదువు తనకాళ్లపై నిలుచుట నేర్పును. తల్లిదండ్రులు పోయిన పిమ్మట ఆ సొమ్ము నెవరు లెక్కపెట్టుకొందురు? లెక్కయెఱుగని వాని పింఛను పరుల పాలగుట కెంత తడవు? వైకల్యధ్రువపత్రము చేతికి వచ్చువఱకు పాఠము మొదలుపెట్టకుండుటయు నిట్టి పొరపాటే. ధ్రువపత్రము పింఛనుకు కావలెను. అక్షరము దిద్దించుటకు అక్కఱలేదు.

ఇందు గ్రామపెద్దలకును, పట్టణవాసులకును కర్తవ్యము కలదు. విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వపు బడికి యాజమాన్య సంఘ ముండవలెను. అందు మూడువంతులు తల్లిదండ్రులును సంరక్షకులును, సగము స్త్రీలును ఉండవలెను. బలహీనవర్గముల బిడ్డల తల్లిదండ్రులకు తగిన భాగ మీయవలెనని శాసనము. 2012 సవరణచే వికలాంగబాలలును ఆ లెక్కలో చేరిరి. మీ యూరి సంఘమున అట్టి బిడ్డ తల్లి యొకతెయైన నున్నదా? లేనిచో ముందుగ నామెకు పీట వేయుడు. పిమ్మట నాలుగు ప్రశ్నలు వేయుడు. ఊరిలోని బిడ్డలలో బడికి రానివా రెవరు? బోధకుడు ఈ నెలలో ఎన్నిమాఱులు వచ్చెను? ఇచ్చిన పరికరము పనిచేయుచున్నదా? నిరుటికంటె నీ యేడు ఆ బిడ్డ క్రొత్తగా నేర్చిన దేది? పంటలకాలమున బండికట్టి ధాన్యమును మిల్లుకు పంపగల రైతులు, వారమునకు రెండుమాఱులు ఆటోలో నలుగురు బిడ్డలను భవిత కేంద్రమునకు చేర్చుట భారమని చెప్పజాలరు. పట్టణములలోని కంటివైద్యులు, చెవివైద్యులు నెలకొక పూట ఆ కేంద్రమున గడపినచో నెన్నియో బాల్యములు నిలుచును.

అధికారులకు మా విన్నపము చిన్నది. వచ్చు జూన్ మాసమున బడులు తెఱచునాటికి ఈ మూడు జిల్లాలలోని ప్రతి మండలమునకును ఒక్క పుట నివేదికను, బిడ్డల పేర్లు లేకుండ, సచివాలయపు గోడపై నంటింపుడు. బిడ్డ లెందఱు, బోధకు లెందఱు, నెలకు చూచినది ఎందఱిని, ప్రణాళికలో వ్రాసినది నెఱవేరినది ఎందఱి విషయమున - ఈ నాలుగు సంఖ్యలు చాలును. మఱుసటి జూన్‌లో దాని ప్రక్కనే రెండవ కాగితము నంటింపుడు. ఆ రెండు కాగితములకు నడుమనున్న భేదమే మన జిల్లాల ప్రత్యేకవిద్య విలువ. దానిని చదువుటకు ఊరివారు వత్తురు. చూపులేని బిడ్డకు దానిని చదివి వినిపించుటకు తోడిబిడ్డ లుందురు.