తొలి విల్లు ఎట్టిది కావలెను?

వేటాడవలెనను ఉబలాటము కుర్రతనమునకు సహజమైనది. దూరమున ఒక గురిని నిలుపుకొని, ఊపిరి బిగబట్టి, మనస్సును ఒకచోట కూర్చి విడిచిన దెబ్బ సూటిగా తగిలినప్పుడు కలుగు ఆనందము వేరొకదానివలన రాదు. కొన్ని దేశములలో పిల్లవాని తొలి లేడివేటకు తగిన రైఫిలును ఎంచి యిచ్చుట తండ్రులకు, తాతలకు ఒక ముచ్చట. మన దేశమున ఆ మార్గము మూతపడినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దుప్పిని, కృష్ణజింకను వేటాడుటను నేరముగా పరిగణించుచున్నది. వేటకు లైసెన్సులిచ్చు పద్ధతి సైతము 1991 నాటి సవరణతో రద్దయినది. కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రమృగము కూడను. తుపాకి సంగతి చూచినను, 21 సంవత్సరములు నిండనివారు దానిని సొంతముగా ఉంచుకొనుటకు 1959 నాటి ఆయుధ చట్టము అంగీకరింపదు.

అయినను పిల్లవాడు నిజముగా కోరునది మృగము ప్రాణము కాదు, గురి. ఆ కోరిక తీర్చుటకు బెజవాడవారు దూరము పోనక్కరలేదు. పాశుపతాస్త్రమునకై అర్జునుడు తపస్సు చేసినది ఇంద్రకీలాద్రి మీదనే యని మన స్థలపురాణము. ఆ కథ అటుండగా, ఈ నగరము నేటికిని విలుకాండ్రకు పేరుపడినది. విజయవాడ ఆడపడుచు వెన్నం జ్యోతి సురేఖ 2017లో అర్జున పురస్కారము పొందినది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో కాంపౌండ్ వింటితో మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఈ ఊరివాడే యైన బొమ్మదేవర ధీరజ్ 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో రికర్వ్ విల్లు పట్టి, మిశ్రమ జట్టు పోటీలో అంకితా భకత్‌తో కలిసి నాలుగవ స్థానము వరకు వచ్చెను. ఇట్టి వార్తలు విన్న పిల్లలు ఇంట విల్లు కావలెనని అడుగుట వింత కాదు. అడిగినప్పుడు ఎట్టి విల్లు కొనవలెనన్నదే ప్రశ్న.

మన ఇండ్లలో ఒక అలవాటు కలదు. పెరిగే పిల్లవాడు కదా యని చొక్కా రెండంగుళములు వదులుగా కుట్టింతుము; చెప్పులు ఒక కొలత ఎక్కువవి కొందుము. చొక్కా విషయమున ఇది పొదుపు. వింటి విషయమున ఇది హాని. వచ్చే యేటికి సరిపోవునను తలపుతో కొన్న బరువైన విల్లు ఈ యేటి భుజమును చెరచును. మేము చెప్పదలచినది ముఖ్యముగా ఇదియే: తొలి విల్లు నేటి శరీరమునకు సరిపోవలెను, రేపటి శరీరమునకు కాదు.

కారణము తేలికగా గ్రహింపవచ్చును. వింటి బలమును పౌండ్లలో చెప్పుదురు. నారిని పూర్తిగా లాగి పట్టినప్పుడు వ్రేళ్ల మీద పడు బరువది. 18 పౌండ్ల వింటితో నూరు బాణములు వేసిన పిల్లవాడు మొత్తము మీద 1800 పౌండ్లు, అనగా 800 కిలోలకు పైబడిన బరువు లాగినట్లు లెక్క. శక్తికి మించిన విల్లు చేతికిచ్చినచో నడుము వెనుకకు వంచును, భుజము పైకెత్తును, నారి గడ్డమును చేరకమునుపే విడిచిపెట్టును. ఈ దురలవాటులు ఒకసారి కుదిరిన పిమ్మట మాన్పుట గురువునకు సైతము కష్టము. నొప్పి తోడైనచో రెండు మాసములలో విల్లు అటకనెక్కును. బరువైన విల్లు కొన్న తండ్రికి డబ్బు పోవుట చిన్న నష్టము. పిల్లవానికి ఉత్సాహము పోవుట పెద్ద నష్టము.

కొనుటకు ముందు మూడు సంగతులు చూడవలెను. మొదటిది కన్ను. మనకు రెండు కన్నులున్నను గురి చూచుటలో ఒకటి పెత్తనము చేయును. రెండు అరచేతులను ముందుకు చాచి, నడుమ చిన్న సందు విడిచి, ఆ సందులోనుండి దూరముననున్న ఒక వస్తువును రెండు కన్నులతో చూడవలెను. పిమ్మట ఒక్కొక్క కన్ను మూయవలెను. ఏ కన్ను తెరచియున్నప్పుడు వస్తువు సందులోనే నిలుచునో అది పెత్తనపు కన్ను. అది కుడికన్నైనచో ఎడమచేత విల్లు పట్టి కుడిచేత నారి లాగు విల్లు తగును; ఎడమకన్నైనచో దానికి మారుది. వ్రాయు చేతినిబట్టి మాత్రమే నిర్ణయింపరాదు.

రెండవది పొడవు. పిల్లవాని బారను, అనగా చాచిన రెండు చేతుల నడిమివ్రేళ్ల కొనల మధ్య దూరమును, అంగుళములలో కొలిచి రెండున్నరతో భాగించినచో అతడు నారిని ఎంత దూరము లాగగలడో సుమారుగా తెలియును. 60 అంగుళముల బార గలవానికి 24 అంగుళములు. కావ్యములలో ఆకర్ణాంతము లాగుట అను మాట విందుము గాని, నేటి రికర్వ్ క్రీడలో నారి గడ్డమును తాకి నిలుచును. 24 అంగుళముల లోపు లాగు పిల్లలకు 62, 64 అంగుళముల విల్లు సాధారణముగా సరిపోవును. 24 మొదలు 26 వరకు 66, అంతకు మించినచో 68 అంగుళములది తగును.

మూడవది లాగుడు బరువు. పది పండ్రెండేండ్ల పిల్లలకు 12 నుండి 18 పౌండ్లు, అంతకు పెద్దవారికి 16 నుండి 22 పౌండ్లు తొలినాళ్లకు చాలును. రికర్వ్ వింటిపై ముద్రించిన అంకె 28 అంగుళములు లాగినప్పటిదని మరువరాదు. తక్కువ లాగువానికి బరువును తక్కువగనే తగులును. అంగడిలో ఒక పరీక్ష చేయవచ్చును. విల్లును నేలకు సమాంతరముగా ఎత్తి, పైకి గాని ప్రక్కకు గాని త్రిప్పక నారిని సూటిగా లాగి, పది లెక్కించునంతసేపు చేయి వణకకుండ నిలిపి, మెల్లగా తిరిగి వదలవలెను. ఇట్లు నాలుగైదుమార్లు చేయలేనిచో అంతకంటె తేలికైనదానిని అడుగవలెను. బాణము లేకుండ నారిని ఒక్కమారుగా విడువరాదు. ఆ విసురు వింటినే విరుచును.

మరి పిల్లవాడు పెరిగిన తరువాత ఏమి చేయవలెనని అడుగుదురు. ఇందుకు మూడు ముక్కల విల్లు ఉపాయము. నడిమి పిడి వేరు, పై బద్ద, క్రింది బద్ద వేరు. బలము పెరిగిన కొలది బద్దలు మాత్రము మార్చుకొనవచ్చును. పిడి ఏండ్ల తరబడి నిలుచును. వెదురు విల్లు చవుకైనది, తేలికైనది. మన దేశములో దానికి వేరుగా పోటీలును కలవు. ఇక చక్రములు గల కాంపౌండ్ విల్లు 1960 దశకములో అమెరికాలో పుట్టినది. పూర్తిగా లాగినప్పుడు పట్టియుంచవలసిన బరువు అందులో చాల తగ్గిపోవును. 2028 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్ క్రీడలలో దానికి తొలిసారిగా స్థానము లభించినది. కాని దాని అమరికలు పెక్కు, బరువును ఎక్కువ. గురువు చెప్పక దానితో ఆరంభింపరాదు.

బాణము విషయమున పొదుపు తగదు. అది పిల్లవాని లాగుడు పొడవుకంటె కనీసము రెండంగుళములు ఎక్కువ ఉండవలెను. పొట్టి బాణము లాగునప్పుడు ఆధారమునుండి వెనుకకు జారి, విడిచినప్పుడు విల్లు పట్టిన చేతిలో దిగవచ్చును. తేలిక వింటికి మెత్తగా వంగు బాణములు తగును. వాడియైన వేటమొనలు కొననే రాదు. ముంజేతి కాపు, వ్రేళ్లకు తోలుతొడుగు వింటితోపాటే కొనవలెను.

మన కృష్ణా డెల్టాలో వరిగడ్డికి కొదువలేదు. గట్టిగా బిగించి కట్టిన గడ్డి మంచి లక్ష్యమగును. కాని దాని వెనుక ఎత్తైన మట్టికట్ట యుండవలెను. చేనిగట్ల మీద మనుష్యులు, పశువులు తిరుగుచుందురు గనుక వట్టి బయలు చాలదు. మేడ మీద సాధన వలదు. ఆకాశము వైపు బాణము వేయుట ఎన్నడును కూడదు. బెజవాడ ఎండలో మూసిన కారులో విల్లు విడిచినచో అతికిన పొరలు విడిపోవును. పని ముగిసిన పిదప నారిని దించి, మైనము పూసి, నీడ పట్టున ఉంచవలెను.

వీలైనచో మొదటి రెండు మూడు మాసములు శిక్షణకేంద్రములోని వింటితోనే సాధన చేయనిచ్చి, పిదప గురువు కొలత తీసి చెప్పినదానిని కొనుట ఉత్తమము. ఆరు మాసములకొకసారి బారను మరల కొలువవలెను. కొన్న విల్లు సరియైనదో కాదో తెలిసికొనుటకు పోటీల వరకు ఆగనక్కరలేదు. వారము గడచిన తరువాత భుజము నొప్పి యనక, ఎవరును పిలువకయే పిల్లవాడు సాయంకాలము విల్లు తీసికొని బయలుదేరినచో తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండవచ్చును.