పిల్లల బరువు: కాటా చెప్పేదెంత?

పల్నాడు జిల్లా సత్తెనపల్లి చుట్టుపక్కల పత్తి పండించే రైతుకు కాటా మీది అంకె ఒక్కటే ధర తేల్చదని బాగా తెలుసు. కాటన్ కార్పొరేషన్ కొనుగోలు కేంద్రంలో ముందు తేమ చూస్తారు. 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర, ఆపైన కోత, 12 దాటితే కొనరు. అదే ఇంట్లో పిల్లల విషయానికి వచ్చేసరికి మాత్రం బరువొక్కటే లెక్క. "ఒళ్లు చేశాడు" అంటే సంతోషం, "చిక్కిపోయింది" అంటే దిగులు. ఆ బరువులో ఎముక ఎంత, కండ ఎంత, కొవ్వు ఎంత, నీరు ఎంత అని ఎవరూ అడగరు. పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన అసలు సంగతి చాలావరకు ఆ ప్రశ్నలోనే ఉంది.

నీటి సంగతే చూద్దాం. తీవ్ర పోషకాహార లోపంలో క్వాషియార్కర్ అని ఒక రకం ఉంది. 1930లలో, ఇప్పుడు ఘనా అంటున్న దేశంలో పనిచేసిన డాక్టర్ సిసిలీ విలియమ్స్ దీన్ని వైద్యలోకం దృష్టికి తెచ్చారు. ఈ జబ్బు చేసిన పిల్లలకు పాదాలు, కాళ్లు ఉబ్బుతాయి, ఒక్కోసారి ముఖం కూడా. ఒంట్లో నీరు చేరడం వల్ల బరువు మరీ తక్కువగా కనిపించకపోవచ్చు. అందుకే రెండు పాదాల మీదా వేలితో నొక్కి చూస్తారు. సొట్ట పడి అలాగే నిలిచిపోతే, బరువెంతున్నా దాన్ని తీవ్రమైన లోపంగానే పరిగణిస్తారు. ఆ ఉబ్బును చూసి బిడ్డ బొద్దుగా ఉన్నాడని మురిసిపోతే ప్రాణానికే ముప్పు.

కాబట్టి డాక్టర్లు ఒక కొలతతో ఆగరు. వయసుకు తగ్గ బరువుందా, వయసుకు తగ్గ ఎత్తుందా, ఆ ఎత్తుకు తగ్గ బరువుందా అని విడివిడిగా చూస్తారు. ఆరు నెలలు నిండి ఐదేళ్ల లోపున్న పిల్లలకు మోచేతికీ భుజానికీ మధ్య టేపు చుడతారు. అది 11.5 సెంటీమీటర్లకు తగ్గితే ఆలస్యం చేయకూడదు. ఎత్తు తక్కువైతే లోపం చాలాకాలంగా సాగుతోందని అర్థం. ఎత్తుకు తగ్గ బరువు లేకపోతే ఈమధ్యే జబ్బో, ఆకలో ఒంటిని కరిగించిందని అర్థం.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివారు. 29.6 శాతం మందికి వయసుకు తగ్గ బరువు లేదు. 16.1 శాతం మందికి ఎత్తుకు తగ్గ బరువు లేదు. రక్తహీనత ఉన్నవారు 63.2 శాతం, అంతకుముందు సర్వేలో 58.6 శాతమే. ఈ చివరి అంకె దగ్గర కాస్త ఆగాలి. బరువు సరిపోయిన పిల్లల్లోనూ ఎందరికో రక్తం చాలదన్నమాట. కడుపు నిండా అన్నం తిన్నా ఇనుము అందకపోతే బిడ్డ త్వరగా అలసిపోతాడు, చదువు మీద ధ్యాస నిలవదు. కాటాకు అది కనిపించదు.

"మనవాళ్ల పిల్లలు సన్నగానే ఉంటారు, మన వంశం తీరే అంత" అనే మాట పల్నాడు ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. దానికి జవాబు 2006లోనే దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో తల్లిపాలు తాగుతూ మంచి పరిస్థితుల్లో పెరిగే సుమారు 8,500 మంది పిల్లలను కొలిచింది. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు ఉన్నారు. తిండి, శుభ్రత, వైద్యం అందితే తొలి ఐదేళ్లలో అన్ని దేశాల పిల్లలూ దాదాపు ఒకేలా ఎత్తు పెరుగుతారని తేలింది. అంగన్‌వాడీలో ఇప్పుడు వాడే పెరుగుదల పటాల గీతలు ఆ కొలతల నుంచి వచ్చినవే. వాటి ప్రకారం రెండేళ్ల ఆడపిల్ల మధ్యస్థ బరువు 11.5 కిలోలు, 9 కిలోల కంటే తగ్గితే తక్కువ బరువు.

అయితే ఆ గీత బిడ్డ పుట్టకముందే మొదలవుతుంది. 1993లో పుణె దగ్గరి పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం గర్భిణులను, తర్వాత వారి పిల్లలను పరిశీలించడం మొదలుపెట్టింది. అక్కడి శిశువుల పుట్టినప్పటి సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లో 3.5. ఆశ్చర్యమేమంటే పుణె శిశువుల్లో కండ బాగా తగ్గినా చర్మం కింద కొవ్వు అంతగా తగ్గలేదు. చూడడానికి బక్క, లోపల మాత్రం కొవ్వు పాలు ఎక్కువ. గర్భిణిగా ఉండగా ఒంటి శ్రమ ఎక్కువైన తల్లుల బిడ్డలు తక్కువ బరువుతో పుట్టారని, ఆకుకూరలు, పాలు, పళ్లు తరచుగా తిన్న తల్లుల బిడ్డలు మెరుగ్గా పుట్టారని కూడా అదే అధ్యయనం చూపింది. పత్తి తీతల్లో, మిరప కోతల్లో నెలలు నిండేదాకా వంగి పనిచేసే కూలి స్త్రీలున్న ప్రాంతానికి ఇంతకంటే దగ్గరి విషయం ఉండదు. పెరట్లో దొరికే తోటకూరను, గోంగూరను "ఏముందిలే, ఆకే కదా" అని తీసిపారేయడానికి వీల్లేదు.

మన తెలుగు నేల మీద జరిగిన రుజువు మరొకటి ఉంది. 1987-90 మధ్య హైదరాబాద్ సమీపంలో 29 పల్లెలను ఎంచుకున్నారు. వాటిలో 15 పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ల లోపు పిల్లలకు రోజూ ఉప్మా వంటి వండిన ఆహారం పెట్టారు. గర్భిణికి సుమారు 500 కేలరీలు, పిల్లలకు సుమారు 300. మిగతా 14 పల్లెల్లో ఈ అంగన్‌వాడీ కార్యక్రమం అప్పటికి రాలేదు. పదిహేనేళ్లు గడిచాక 2003-05లో అప్పటి పిల్లలను వెతికి పట్టుకున్నారు. వాళ్లకప్పుడు 13 నుంచి 18 ఏళ్లు. ఆహారం అందిన పల్లెల పిల్లలు మిగతావారి కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. ఒంట్లో కొవ్వులో పెద్ద తేడా లేదు, కానీ వాళ్ల శరీరం ఇన్సులిన్‌ను మెరుగ్గా వాడుకుంటోంది, రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. 2008లో సంజయ్ కిన్రా బృందం ఈ ఫలితాలు ప్రచురించింది. తల్లి కడుపులో ఉండగా, పసితనంలో రోజుకు ఒక్క పూట అందిన తిండి పదిహేనేళ్ల తర్వాత రక్తనాళాల్లో కనబడటం మామూలు విషయం కాదు. అంగన్‌వాడీ గుడ్డును, పాలను, బాలామృతాన్ని ప్రభుత్వం పడేసే భిక్షగా చూసేవాళ్లు ఈ ఒక్క అధ్యయనం చదివితే చాలు.

మరి చిక్కిన బిడ్డకు ఎప్పుడైనా ఎంతైనా పెట్టి లావు చేస్తే సరిపోతుందా? ఢిల్లీలో 1969-72 మధ్య పుట్టినవారిని పెద్దయ్యేదాకా కొలుస్తూ వచ్చిన పరిశోధన దీనికి జవాబిస్తుంది. పిల్లలు సాధారణంగా ఐదారేళ్ల వరకు సన్నబడుతూ వచ్చి, ఆ తర్వాత మళ్లీ ఒళ్లు చేస్తారు. రెండేళ్ల దాకా సన్నగా ఉండి, ఆ మలుపు ముందుగానే వచ్చి, అక్కణ్నుంచి వేగంగా బరువు పెరిగినవారిలో 26-32 ఏళ్లకే మధుమేహం లేదా దాని ముందు దశ ఎక్కువగా కనిపించింది. వాళ్లలో ఒక్కరు కూడా 12 ఏళ్ల నాటికి ఊబకాయులు కాదు. చిన్నప్పటి బక్కతనం, బడి వయసు బొద్దుతనం ఒకే కథలో రెండు అధ్యాయాలు. తొలి రెండేళ్లలో ఎత్తుతో పాటు పెరిగిన బరువు మేలు చేస్తుంది. ఎత్తు ఆగి కొవ్వు మాత్రమే పెరిగితే కీడు.

సత్తెనపల్లి వైపు మిరప కోతలు జోరుగా సాగే జనవరి-మార్చి నెలల్లో ఆ తొలి రెండేళ్లకే గండి పడుతుంది. తల్లి తెల్లవారకముందే వండి ఆటో ఎక్కుతుంది. ఏడాదిన్నర బిడ్డ నాయనమ్మ దగ్గర. ఆ వయసులో కడుపు చిన్నది; రోజుకు మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా, పప్పు, గుడ్డు, నూనె కలిపి మెత్తగా పెట్టాలి. ఓపిక లేని చోట ఒక బిస్కెట్ ప్యాకెట్‌తో పూట గడిచిపోతుంది. కర్నూలు వైపు నుంచి వలస వచ్చి చేల గట్ల మీద గుడారాలు వేసుకునే కుటుంబాల పిల్లలకు సొంతూరి అంగన్‌వాడీ దూరమైపోతుంది. కరువు లాంటి కష్టం చేసే నష్టాన్ని తర్వాత కొంతైనా పూడ్చవచ్చనడానికీ ఆధారం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి మూడు వేల మంది పిల్లలను అనుసరించిన 'యంగ్ లైవ్స్' సమాచారంతో అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ ఒక పరిశీలన చేశారు. కరువు దెబ్బతో వెనకబడిన పిల్లల పెరుగుదలను బడిలోని మధ్యాహ్న భోజనం చాలావరకు తిరిగి తెచ్చిందని తేలింది.

రెండోవైపు, అవే కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం రాష్ట్రంలో ఐదేళ్ల లోపు అధిక బరువు పిల్లలు 1.2 శాతం నుంచి 2.7 శాతానికి పెరిగారు. అంకె చిన్నదే, నడక మాత్రం పైకే. పట్టణంలో హాస్టల్ చదువులు, ట్యూషన్లు, ఆటస్థలం లేని బడులు ఆ నడకకు తోడవుతున్నాయి. మనవాళ్లలో తక్కువ బరువుకే మధుమేహం వస్తుంది కనుక భారత శిశువైద్యుల సంఘం 2015లో బడి పిల్లలకు విదేశీ పటాల కంటే కిందగా హెచ్చరిక గీతలు గీసింది.

లావుగా ఉన్న పిల్లలకు బడిలో, పెళ్లిళ్లలో, ఒక్కోసారి ఇంట్లోనే పేర్లు పెడతారు. వెక్కిరింపు బరువు తగ్గించదు. దొంగచాటు తిండిని, ఆటలకు దూరంగా ముడుచుకోవడాన్ని, దిగులును పెంచుతుందని అమెరికా శిశువైద్యుల సంఘం 2017లో స్పష్టంగా చెప్పింది. నిజానికి ఎదిగే వయసులో చాలామందికి బరువు తగ్గించాల్సిన పనే ఉండదు, పెరగకుండా నిలిపితే చాలు. 140 సెంటీమీటర్ల ఎత్తు, 45 కిలోల బరువున్న పిల్లవాడి శరీర ద్రవ్యరాశి సూచిక (ఎత్తుతో పోల్చి బరువును చూపే బీఎంఐ) 23. అదే 45 కిలోల మీద ఉంటూ అతను 146 సెంటీమీటర్లకు ఎదిగితే సూచిక 21కి దిగుతుంది. అందుకు పూట భోజనం మాన్పించనక్కర్లేదు. కూల్‌డ్రింకులు, చిప్స్ ప్యాకెట్లు ఇంటికి రాకుండా చూసి, సాయంత్రం ఒక గంట ఆడుకోనిచ్చి, ఇంటిల్లిపాదీ అదే పప్పు, అదే కూర తింటే సరిపోతుంది.