ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా బిడ్డ ఎవరి దగ్గర?

తెలంగాణలోని ఝరాసంగం మండలంలో కైకిలికి పోయే తల్లి అయినా, జహీరాబాద్‌లో బట్టల షాపులో పనిచేసే తల్లి అయినా పొద్దున గడప దాటేముందు ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి. చిన్నపిల్ల ఇవాళ ఎవరి దగ్గర ఉంటుంది? బట్టలు రేపు ఉతకొచ్చు. కూర రాత్రిదే సరిపెట్టుకోవచ్చు. ఏడాది బిడ్డను మాత్రం రేపటికి వాయిదా వేయలేం.

ఉద్యోగాన్నీ ఇంటినీ ఎలా సర్దుకోవాలో తల్లులకు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. తెల్లవారుజామునే లేవాలంటారు, అన్నీ ముందురోజే సిద్ధం చేసుకోవాలంటారు. ఇవన్నీ ఇప్పటికే నాలుగున్నరకు లేచే మనిషికి చెప్పే మాటలు. ఆమె పనికి వెళ్లగలదా లేదా అన్నది ఆమె నేర్పును బట్టి తేలేది కాదని నా నమ్మకం. బిడ్డను నమ్మకంగా ఉంచే చోటు ఊళ్లో ఉందా లేదా అన్నదాన్ని బట్టే తేలుతుంది.

ముందు ఇంటి పని సంగతి చూద్దాం. ఈ ప్రాంతంలో జొన్న రొట్టె లేకుండా రోజు గడవదు. పిండిని వేడినీళ్లతో కలిపి బాగా పిసకాలి. ముద్దను అరచేత్తో తిప్పుతూ అంచు చీలకుండా తట్టాలి. పెనం మీద వేసి పైన తడి అద్ది, సమయం చూసి తిరగేయాలి. ఐదారుగురున్న ఇంట్లో పొలానికి కట్టుకుపోయేవాటితో కలిపి పది, పన్నెండు రొట్టెలు కావాలి. అవి అయ్యేదాకా పొయ్యి ముందు నుంచి లేవడానికి ఉండదు. రెండు చేతులూ కావాల్సిన పని కాబట్టి ఏడ్చే బిడ్డను ఎత్తుకుని చేయడమూ కుదరదు. ఇంతా చేస్తే దానికి కూలీ లేదు, ఎవరి లెక్కలోకీ రాదు.

ఆ లెక్క ఇప్పుడు కొంతవరకు దొరుకుతోంది. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం దేశంలో జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు వాటికే పెడుతున్నారు. ఆ పనుల్లో చెయ్యి పెట్టే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. అంటే ఒకవైపు దాదాపు ఐదు గంటలు, మరోవైపు గంటన్నర. అసలు చెయ్యే పెట్టని మగవాళ్లు ఈ 88లో లేరన్నది గుర్తుంచుకోవాలి. పిల్లలను చూసుకునే సమయాన్ని సర్వే వేరుగా లెక్కించింది.

ఇక చట్టం సంగతి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించాక మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల చొప్పున జీతంతో కూడిన సెలవు వచ్చింది. కాన్పుకు ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. పది మంది, ఆపైన పనిచేసే దుకాణాలకూ ఇది వర్తిస్తుంది. చాలామంది సేల్స్ అమ్మాయిలకు ఈ సంగతి తెలియక, గర్భం రాగానే పని మానేస్తారు. 50 మంది, ఆపైన పనిచేసే చోట యజమాని పిల్లల సంరక్షణ కేంద్రం పెట్టాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. కాగితం మీద మంచి చట్టమే. కానీ మండలంలో ఆడవాళ్లకు ఎక్కువగా దొరికే పని ఏమిటి? కలుపు తీయడం, పత్తి ఏరడం, అల్లం తవ్వడం. ఇవాళ ఒకరి చేను, రేపు ఇంకొకరిది. 26 వారాల జీతం ఏ ఆసామిని అడగాలి?

సెలవు దొరికిన తల్లికి కూడా అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. 26 వారాలంటే ఆరు నెలలు. అంగన్‌వాడీలో బిడ్డను కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది మూడేళ్లు నిండాక. ఈ మధ్యలో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు అంగన్‌వాడీ బాలామృతం ప్యాకెట్ ఇచ్చి ఇంటికి పంపుతుంది. తిండి ఇస్తుంది కానీ, బిడ్డను పగలంతా పెట్టుకోదు. నడక, మాట నేర్చుకునే ఆ రెండున్నరేళ్లు ప్రభుత్వ లెక్క ప్రకారం తల్లివి, లేదా ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్లవి. ఖాళీగా ఉండేదెవరు? ఓపిక ఉంటే అవ్వ, లేకపోతే బడికి పోవాల్సిన పెద్ద బిడ్డ. వీళ్లిద్దరూ లేని తల్లి చేను గట్టున చెట్టుకు చీరతో తొట్టెల కట్టి, ఒక కన్ను అటు, ఒక కన్ను సాలు మీద పెట్టి పనిచేస్తుంది.

పెద్ద బిడ్డ ఇంట్లో ఉండిపోవడం అన్నిటికన్నా బాధపెట్టే విషయం. తల్లి ఇవాళ తెచ్చే కూలీకి ఆ పిల్ల తన చదువుతో వెల చెల్లిస్తోంది.

ఈ ముడిని విప్పడానికి ఇక్కడి ఆడవాళ్లు చాలాకాలం కిందటే ప్రయత్నించారు. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో పేద మహిళలతో, ముఖ్యంగా దళిత మహిళలతో సంఘాలు ఏర్పాటు చేసింది. విత్తనాలు, చిరుధాన్యాల విషయంలో ఆ సంఘాలకు పేరొచ్చింది కానీ, వాటి బాల్వాడీల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. తల్లులు చేనుకు పోయే వేళ పిల్లలను ఊరి ఆడవాళ్లే ఒకచోట చేర్చి చూసుకున్నారు. తల్లికి కూలీ నిలిచింది. అక్కకు తమ్ముణ్ని ఎత్తుకునే పని తప్పింది. ఈ సంఘాల రేడియో కూడా తల్లుల వేళ చూసే నడిచింది. ఝరాసంగం మండలంలోని మాచునూరు నుంచే 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. నడిపింది ఈ పల్లె ఆడవాళ్లే. మొదట్లో ప్రసారాలు రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఉండేవి. చేతులు పొయ్యి దగ్గర ఉన్నా చెవులు ఖాళీగా ఉండే వేళ అది. పనికి తగ్గట్టు తల్లి మారాలనే లోకంలో, తల్లి రోజుకు తగ్గట్టు పనిని అమర్చిన ఉదాహరణగా నేను దాన్ని చూస్తాను.

ఇది పల్లె సమస్య మాత్రమే అనుకోవద్దు. 2023లో ఆర్థిక శాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికా లెక్కలు తవ్వి చూపించిందీ ఇదే. ఒకే రకం ఉద్యోగంలో ఉన్న ఆడ, మగ సంపాదనల మధ్య తేడాలో ఎక్కువ భాగం మొదటి బిడ్డ పుట్టడంతో మొదలవుతుంది.

బిడ్డను చూసుకోవడం కూడా పనేనని మన చట్టం ఒకచోట స్పష్టంగా ఒప్పుకుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పని చోటికి తల్లుల వెంట చిన్నపిల్లలు ఐదుగురు, అంతకన్నా ఎక్కువ వస్తే, ఒక మహిళను వాళ్లను చూసుకోవడానికే పెట్టి, మట్టి పనికి ఇచ్చినట్టే కూలీ ఇవ్వాలని రాశారు. నా దృష్టిలో ఆ చట్టంలోని గొప్ప వాక్యాల్లో అదొకటి.

2022లో కేంద్రం మిషన్ శక్తి కింద తెచ్చిన పాల్నా పథకం ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు ఉద్దేశించింది. అంగన్‌వాడీకే సంరక్షణ కేంద్రాన్ని జోడించి రోజుకు ఏడున్నర గంటలు తెరిచి ఉంచాలన్నది అందులోని ఏర్పాటు. మనకు కావాల్సింది సరిగ్గా ఇదే. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం కాబట్టి, ఝరాసంగం నుంచి జహీరాబాద్‌కు పోయి పనిచేయడానికి బస్సు ఖర్చు అడ్డు కాదు. బిడ్డకు చోటు దొరకడమే మిగిలింది.

మీ ఊళ్లో ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలెందరో అంగన్‌వాడీ రిజిస్టర్‌లో ఉంటుంది. ఆ లెక్క తీసుకుని, వచ్చే గ్రామసభలో పాల్నా కేంద్రం కావాలని తీర్మానం పెట్టించండి, దాని ప్రతిని శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి (సీడీపీఓ) ఇవ్వండి. ఆ సభకు తల్లులతో పాటు తండ్రులూ రావాలి, బిడ్డను ఎత్తుకునే రావాలి.